అక్క గుండె గట్టిది అని నాలుగేళ్లుగా అందరం అంటూనే ఉన్నాం, ఇప్పుడు భయమేస్తోంది

తెనాలి చెల్లి | శనివారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా అక్కది తెనాలి దగ్గర. గవర్నమెంట్ స్కూల్లో టీచర్. 2021 మే నెలలో, సెకండ్ వేవ్‌లో బావగారు పోయారు. ఆయనకి నలభై నాలుగేళ్లు. పిల్లలు అప్పుడు ఎనిమిదో తరగతి, నాలుగో తరగతి. ఆంధ్రాలో మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ, ఇక్కడ హైదరాబాద్‌లో లాక్‌డౌన్. నేను కదల్లేకపోయాను. బెడ్ కోసం తిరిగింది అక్కే, ఇంజెక్షన్ కోసం ఊళ్లన్నీ ఫోన్లు చేసింది అక్కే, శ్మశానంలో దూరంగా నిలబడి చూసింది కూడా అక్కే. పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి డెత్ సర్టిఫికెట్, బ్యాంకు, ఇన్సూరెన్స్, తర్వాత ప్రభుత్వం ఇస్తామన్న యాభై వేలకి దరఖాస్తు, పిల్లల ఫీజులు, అన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకుని ఒక్కొక్కటికీ టిక్ పెట్టుకుంటూ పూర్తి చేసింది. ఎవరినీ ఒక్క పని అడగలేదు.

అందరిదీ ఒకటే మాట, "దానిది గట్టి గుండె". నేనూ ప్రతి ఫోన్‌కాల్‌లో "నువ్వు చాలా స్ట్రాంగ్ అక్కా" అనేదాన్ని. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను.

పోయిన నెల చిన్నవాడికి జ్వరం వచ్చింది. మామూలు వైరల్ జ్వరం. అక్క ఆ పాత ఆక్సీమీటర్ తీసి రాత్రంతా వాడి వేలికి పెట్టి కూర్చుంది. ఆ నోట్‌బుక్‌లోనే చివరి పేజీల్లో రాసింది. 98, 97, 98, 98... పావుగంటకి ఒకసారి, పొద్దున ఆరింటి దాకా. ఆరున్నరకి లేచి వంట చేసి స్కూలుకి వెళ్లిపోయింది. పదకొండింటప్పుడు రోడ్డు మీద అంబులెన్స్ సైరన్ వినిపించిందట, స్టాఫ్‌రూమ్‌లో పడిపోయింది. టెస్టులన్నీ నార్మల్. అడిగితే "ఎండ దెబ్బే, నేను బాగానే ఉన్నాను, నువ్వు టెన్షన్ పడకు" అంది.

తర్వాత మేనకోడలు నాకు విడిగా ఫోన్ చేసి చెప్పింది. "అమ్మ రాత్రిళ్లు మా గదిలోకి వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది పిన్నీ. మేము నిద్రపోతున్నట్టు నటిస్తాం."

అది విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. నేనేం చేయాలి?

---

గోదారి గట్టు | ఆదివారం, ఉదయం 6:15

చాలా బాధగా ఉందమ్మా. ఆవిణ్ణి నాలుగు రోజులు ఎక్కడికైనా తీసుకెళ్లండి. తిరుపతో, అన్నవరమో. ఆ విషయం మాత్రం మళ్లీ ఎత్తకండి. మానిపోతున్న పుండుని కెలికినట్టవుతుంది. కాలమే అన్నీ మాన్పుతుంది.

---

శ్రావణమేఘం | ఆదివారం, ఉదయం 8:02

గోదారి గట్టు గారు, నాలుగేళ్లు అయింది కదండీ, కాలం ఏం మాన్పింది? లోపల గడ్డకట్టిపోయింది. తెనాలి చెల్లి గారూ, మీ అక్కని ఎలాగైనా ఏడిపించండి. కూర్చోబెట్టి ఆ రోజుల గురించి అంతా చెప్పించండి. ఒక్కసారి బయటికి వచ్చేస్తే గుండె తేలికవుతుంది. మా అత్తయ్యకి అలాగే అయింది.

---

మాటసాయం | ఆదివారం, మధ్యాహ్నం 1:30

నేను హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఇద్దరూ ప్రేమతోనే చెప్పారు. కానీ రెండూ వద్దు అనే అంటాను.

ముందు రెండోది. జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి మొత్తం ఒకే విడతలో చెప్పించే పద్ధతి ఒకప్పుడు చాలా దేశాల్లో వాడారు. డీబ్రీఫింగ్ అనేవాళ్లు. దానివల్ల పెద్దగా మేలు జరగకపోగా కొందరికి ఇంకా చెడు జరుగుతోందని పరిశోధనల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని సిఫారసు చేయడం మానేసి 2011లో వేరే పుస్తకం తెచ్చింది. అందులో చెప్పేది చాలా సాదాసీదాగా ఉంటుంది: చుట్టూ చూడు, చెప్పింది విను, అవసరమైన సాయంతో కలుపు. చెప్పమని బలవంతపెట్టడం అందులో ఎక్కడా లేదు. నాలుగేళ్ల తర్వాత అయినా అదే మాట. ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది ఆవిడ చేతిలో ఉండాలి. ఆ మే నెలలో ఆవిడ చేతిలో ఏదీ లేకుండా పోయింది కదా. ఇప్పుడు మనం కూడా అదే చేయకూడదు.

ఇంకో సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. ఏడవని ప్రతి మనిషీ లోపల కుళ్లిపోతున్నట్టు కాదు. జార్జ్ బొనానో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆప్తులను పోగొట్టుకున్నవాళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేసి 2004లో ఒక వ్యాసం రాశారు. ఎంత పెద్ద దెబ్బ తగిలినా చాలామంది తమ జీవితాన్ని తాము నడుపుకోగలుగుతారు, అది నటనా కాదు, రోగమూ కాదు అన్నది ఆయన వాదన. కాబట్టి నేను చూసేది ఏడ్చారా లేదా అని కాదు. రాత్రులు ఎలా గడుస్తున్నాయి? ఏ రోడ్డుకి, ఏ వాసనకి, ఏ చప్పుడుకి తప్పించుకు తిరుగుతున్నారు? సంతోషం అనేది అసలు దగ్గరికి వస్తోందా? గుర్తు రావడం వేరు, మళ్లీ అక్కడే నిలబడినట్టు అవడం వేరు. మీ అక్కగారు ఆ రాత్రి 2025లో లేరు. 2021లోనే ఉన్నారు.

ఒక్క ప్రశ్న. ఆవిడ ఇప్పటికీ మానకుండా చేస్తున్న పని, లేదా అసలు ముట్టుకోని వస్తువు ఏదైనా ఉందా?

---

తెనాలి చెల్లి | ఆదివారం, రాత్రి 9:18

ఉన్నాయండి, రెండూ ఉన్నాయి. మీరు అడిగేదాకా నేను వాటిని ఒక చోట పెట్టి చూడలేదు.

బావగారి ఫోన్ ఇప్పటికీ రీఛార్జ్ చేయిస్తుంది. ఫోన్ చార్జింగ్‌లోనే ఉంటుంది, బీరువా పక్కన. ఎవరూ చేయరు, ఎవరూ ఎత్తరు. ప్యాక్ అయిపోయే తారీఖు క్యాలెండర్ మీద చిన్న చుక్క పెట్టుకుంటుంది.

ముట్టుకోనిది ఒక టిఫిన్ క్యారియర్. మూడు గిన్నెలది, స్టీలుది. హాస్పిటల్ గేటు దగ్గర ఇచ్చేటప్పుడు తెల్ల ప్లాస్టర్ అంటించి దాని మీద పేరు, బెడ్ నంబర్ రాసేవాళ్లు. ఆ ప్లాస్టర్ ఇంకా ఉంది. అటక మీద ఉంటుంది. ఒకసారి నేను పులిహోర పెట్టి ఇవ్వడానికి దాన్ని దింపబోతే "అది వద్దు" అంది, అంతే. గొంతు మారలేదు, ముఖం మారలేదు. మారి ఉంటే పట్టుకునేదాన్నేమో.

---

దివిసీమ మనవరాలు | సోమవారం, ఉదయం 10:05

తెనాలి చెల్లి గారూ, ఆ చుక్కల క్యాలెండర్ గురించి చదివి నేను కాసేపు పక్కకి వెళ్లి కూర్చోవాల్సి వచ్చింది. మా నానమ్మ గురించి చెప్తాను.

మాది నాగాయలంక వైపు. 1977 నవంబర్ 19 ఉప్పెన మీ అందరికీ తెలిసే ఉంటుంది. కార్తీక మాసం, కోతకొచ్చిన వరి. సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఊళ్లకి ఊళ్లే పోయాయి. అధికారిక లెక్కలోనే దాదాపు పదివేల మంది. నానమ్మ ఒక చెట్టుని కౌగిలించుకుని తెల్లారేదాకా ఉందట. ఇద్దరు పిల్లలు పోయారు. మా నాన్న ఒక్కడే మిగిలాడు.

ఆ తర్వాత నానమ్మ యాభై మందికి గంజి కాచింది, నాన్నని చదివించింది, ఇద్దరు అనాథ పిల్లలకి పెళ్లిళ్లు చేసింది. ఊరంతా "రాయి లాంటి మనిషి" అనేవాళ్లు. నేను కూడా అదే వింటూ పెరిగాను, గర్వపడుతూ.

కానీ మా ఇంట్లో మధ్య స్తంభానికి ఎప్పుడూ ఒక కొబ్బరితాడు చుట్టి ఉండేది. లావుపాటిది. దేనికీ వాడేవాళ్లం కాదు. ప్రతి ఏడూ కార్తీకం రాగానే నానమ్మ దాన్ని విప్పి, ఎండబెట్టి, గట్టిగా ఉందో లేదో కాలు పెట్టి లాగి చూసి మళ్లీ చుట్టేది. చిన్నప్పుడు అదొక పూజ అనుకున్నాను. ఆ నెలలో గాలి తిరిగితే రాత్రి పడుకునేది కాదు. నలభై ఏళ్లు అలాగే చేసింది. ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు. రాయిని ఏమని అడుగుతాం?

ఒకసారి ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. చేతులు పనిలో ఉన్నాయి, కళ్లు చేటలో ఉన్నాయి. నేనేమీ అడగలేదు. తనే అంది, "పెద్దదాన్ని చీర కొంగుతో కట్టేశాను, చిన్నదాన్ని చంకన పెట్టుకున్నాను. కొంగు చిరిగిపోయిందే." ఆపి మళ్లీ చిక్కుడుకాయ తీసుకుంది. "తాడు ఉండుంటే..." అంది.

నలభై ఏళ్లు ఆ తాడు ఇంటి మధ్యలో అందరి కళ్ల ముందే ఉంది.

నానమ్మ ఆ తర్వాత ఇంకో మూడు నాలుగుసార్లు చెప్పింది, ఎప్పుడూ పని చేస్తూనే. నేను ఎదురుగా కూర్చుని "చెప్పు నానమ్మా" అంటే మాత్రం నోరు కట్టేసుకునేది. మీ అక్కతో మాట్లాడాలంటే ఎదురుగా కూర్చోకండి. పక్కన కూర్చోండి. చేతికి ఏదో ఒక పని పెట్టుకోండి.

---

నూటఎనిమిది | మంగళవారం, రాత్రి 2:50

డ్యూటీలో ఉన్నాను, మధ్యలో రాస్తున్నాను. అంబులెన్స్‌లో ఈఎంటీగా (దారిలో అత్యవసర వైద్యం చేసేవాళ్లం) పదకొండేళ్లు. మమ్మల్ని చూసి "మీకు అలవాటైపోయి ఉంటుంది" అంటారు. అలవాటయ్యేది చేతులకి మాత్రమే.

కొన్నేళ్ల కిందట హైవే మీద యాక్సిడెంట్, ఒక పాప. హాస్పిటల్‌కి చేర్చాం కానీ దక్కలేదు. తర్వాత స్ట్రెచర్ కడుగుతుంటే బెల్టు బకిల్‌లో చిన్న వెండి పట్టీ ఇరుక్కుని కనిపించింది. దాన్ని వాళ్లవాళ్లకి ఇచ్చేసి వచ్చాను. మళ్లీ కాల్ వచ్చింది, వెళ్లాను. నెల రోజులు మామూలుగానే పనిచేశాను. కానీ స్ట్రెచర్ కడగాలంటే చేతులు వణికేవి. ఎవరికీ చెప్పలేదు.

మా పైలట్ (డ్రైవర్‌ని మేము అలాగే అంటాం) కనిపెట్టాడు. ఏమైందని అడగలేదు. ఆ రోజు నుంచి స్ట్రెచర్ తనే కడగడం మొదలుపెట్టాడు. నేను టీ తెచ్చేలోపు కడిగేసి ఉంచేవాడు. రెండు వారాలు. పదిహేనో రోజు ఎందుకో తనతో అంతా చెప్పాను.

మీ అక్కగారి విషయంలో కూడా ఏ పని దగ్గర చేతులు వణుకుతున్నాయో చూడండి. ఆ పని చెప్పకుండా మీరు అందుకోండి. కాల్ వచ్చింది, ఉంటాను.

---

పాతకాలం మనిషి | మంగళవారం, ఉదయం 7:40

అందరూ పెద్ద మనసుతో రాస్తున్నారు, కాదనను. కానీ నాకో సందేహం. ఈ రోజుల్లో ప్రతిదానికీ ట్రామా అంటున్నారు. మా అమ్మ ముగ్గురు బిడ్డల్ని పోగొట్టుకుంది, మా నాన్న కరువుల్లో బతికారు. కౌన్సెలింగ్‌లు లేవు, మాత్రలు లేవు. నిలబడ్డారు కదా. ఆ టీచరమ్మ కూడా నిలబడింది. ఆవిడకి లేని జబ్బుని మనమే అంటగడుతున్నామేమో.

---

దివిసీమ మనవరాలు | మంగళవారం, ఉదయం 9:12

బాబాయ్ గారూ, మీ అమ్మగారికి చేతులెత్తి దణ్ణం పెడతాను. నిలబడ్డారు, నిజమే. మా నానమ్మ కూడా నిలబడింది. కానీ రాత్రిళ్లు ఏం చేసేవారో మనం ఎప్పుడైనా అడిగామా? ఒక్కసారి మీ అమ్మగారి గురించి తలచుకోండి. ఏదో ఒక పండక్కి పనుందని పక్కకి వెళ్లిపోయేవారా? ఏదో ఒక పేరు ఇంట్లో ఎవరికీ పెట్టనివ్వలేదా?

---

పాతకాలం మనిషి | మంగళవారం, రాత్రి 8:55

పొద్దుట్నుంచీ మీ మాటే మెదులుతోంది. మా అమ్మ ఉయ్యాల కొక్కేలు పీకించేసింది. నా పిల్లలు పుట్టినప్పుడు కూడా ఇంట్లో ఉయ్యాల కట్టనివ్వలేదు. దూలం బలహీనంగా ఉందనేది. ఆ దూలానికి ఏమీ కాలేదు, ఇప్పటికీ ఉంది.

ఇన్నేళ్లూ నేను దూలం సంగతే నమ్మాను.

---

పెద్దకొడుకు | బుధవారం, రాత్రి 12:20

నేను అవతలి వైపు నుంచి రాస్తాను. మా ఇంట్లో ఆ "గట్టి మనిషి"ని నేనే.

నాన్న పోయినప్పుడు నాకు ఇరవై రెండు. శవం ఇంకా వాకిట్లో ఉండగానే మా పెదనాన్న భుజం మీద చెయ్యి వేసి "ఇక నువ్వే ఇంటికి పెద్ద దిక్కు, నువ్వు ఏడిస్తే అమ్మ ఏమైపోతుందిరా" అన్నారు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ భుజం మీద ఉంది. ఆరోజు మింగిన ఏడుపు తర్వాత ఎక్కడుందో వెతికినా దొరకలేదు.

ఆయన మంచికే అన్నారు. కానీ గట్టివాడివి అని మెచ్చుకున్న ప్రతిసారీ నాకు వినిపించింది ఏంటంటే, నువ్వు ఇలాగే ఉండాలి, మారితే మేం తట్టుకోలేం అని. అందుకే దాచాం. మోసం చేయాలని కాదు, మీరు మా మీద ఆనుకున్నారు కాబట్టి.

ఇంకొకటి, "ఏదైనా కావాలంటే అడుగు". ఎంతమంది అన్నారో లెక్కలేదు. అడగాలంటే ముందు నాకేం కావాలో నాకు తెలియాలి, ఎవరిని అడగాలో ఆలోచించాలి, వాళ్లకి వీలుందో లేదో చూసుకోవాలి, కాదంటే పడాలి. అంత ఓపిక ఎక్కడిది? మా ఎదురింటి ఆంటీ మాత్రం అడగలేదు. ప్రతి మంగళవారం సాయంత్రం ఒక గిన్నె కూర తెచ్చి గట్టు మీద పెట్టి "గిన్నె రేపిద్దువులే" అని వెళ్లిపోయేవారు. రెండేళ్లు. వారంలో ఆ ఒక్క రోజు రాత్రికి ఏం వండాలి అన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. ఆవిడ నాకు ఎన్నడూ ధైర్యం చెప్పలేదు. ఆవిడంత సాయం ఇంకెవరూ చేయలేదు.

తెనాలి చెల్లి గారూ, అక్కని "ఏం చేయమంటావ్" అని అడగకండి. "శనివారం వస్తున్నాను, వంట నాది, నువ్వు పడుకో" అని చెప్పండి. మీరు వస్తానని చెప్పి వెళ్లకపోయినా ఆవిడ ఏమీ అనరు, అది తెలుసు కదా. అందుకే చెప్పిన రోజున తప్పకుండా వెళ్లండి.

---

ఓరుగల్లు సంఘం అక్క | బుధవారం, సాయంత్రం 6:30

పెద్దకొడుకు తమ్ముడూ, నీ మాటలు మా సంఘంలో చదివి వినిపించాను.

మాది వరంగల్ వైపు పల్లె. అప్పులపాలై ప్రాణం తీసుకున్న రైతుల భార్యలతో పనిచేస్తాం. మాలో కూడా చాలామంది వాళ్లే. ఇక్కడ బాగా నిలబడ్డ ఆడమనిషిని "మగోని లెక్క నిలబడ్డది" అంటరు. ఆ మాట అన్నరంటే ఇక ఆమె మీద పనులన్నీ వేసినట్టే.

మేం చూసిన పెద్ద బాధ ఒకటుంది. 2015లో వచ్చిన 194 జీవో ప్రకారం ఆరు లక్షల సాయం రావాలంటే మండలం స్థాయిలో ఒక కమిటీ, డివిజన్ స్థాయిలో ఇంకో కమిటీ విచారణ చేయాలి. తహసీల్దార్, ఎస్సై, వ్యవసాయాధికారి, తర్వాత ఆర్డీవో... అందరికీ ఆమె అదే కథ చెప్పాలి. మందు డబ్బా ఎక్కడ దొరికింది, ఎవరు చూశారు, చివరికి ఏమన్నాడు. నాలుగోసారికి ఆమె పేపర్ చదివినట్టు చెప్తది. చూసినవాళ్లు "ఎంత ధైర్యంగా చెప్తున్నదో" అనుకుంటరు. అది ధైర్యం కాదు, మనిషి అక్కడ లేదు అంతే.

అందుకని మేం ఒక పని మొదలుపెట్టాం. మొదటిసారి చెప్పినప్పుడే ఆమె మాటల్లో ఒక కాగితం మీద రాసుకుంటాం. తర్వాత ఏ ఆఫీసుకు పోయినా ముందు సంఘం మనిషి ఆ కాగితం ఇచ్చి మాట్లాడుతది. ఆమెను తప్పనిసరి ప్రశ్నలే అడగమని కోరుతం. అన్నిచోట్లా వింటరని కాదు. సగం చోట్ల విన్నా సగం భారం తగ్గినట్టే.

ఇంకో మాట. పదకొండు రోజులదాకా ఇల్లు నిండుగా ఉంటది. మూడో నెలల తలుపు కొట్టేటోళ్లు ఉండరు. మేం రిజిస్టర్‌ల పోయిన తారీఖు కాడ కాదు, మూడో నెల కాడ, ఏడో నెల కాడ, ఏడాది మాసికం ముందు వారం కాడ గుర్తు పెట్టుకుంటం. ఆ దినాలల్ల ఊరికే పోయి కూర్చుని ఛాయ్ తాగి వస్తం.

మీ అక్కకు మే నెల ఎట్ల గడుస్తదో చూసిర్రా చెల్లె?

---

డల్లాస్ నుంచి | గురువారం, ఉదయం 5:05

2021 మే 19న మా నాన్న అంత్యక్రియలు వాట్సాప్ వీడియోలో చూశాను. ఫోన్ పట్టుకున్నది మా తమ్ముడు. చెయ్యి కదలకుండా ఇరవై నిమిషాలు పట్టుకున్నాడు. నాకు కనబడాలని.

ఈ థ్రెడ్ చదివేదాకా ఆ ఇరవై నిమిషాలు వాడు ఎలా నిలబడ్డాడన్నది నేను ఆలోచించలేదు. ఇప్పుడే వాడికి ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తెలియక "ఆరోజు నీ చెయ్యి నొప్పి పెట్టిందా రా" అని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పెట్టిందన్నయ్యా" అన్నాడు.

---

మాటసాయం | గురువారం, రాత్రి 10:15

కొన్ని పనికొచ్చే విషయాలు చెప్పాలి, ఈ రెండ్రోజులూ కేసుల్లో ఉండి రాయలేకపోయాను.

తెనాలి చెల్లి గారూ, మీరు చెప్పినవాటిని బట్టి నేను ఇక్కడ కూర్చుని జబ్బు పేరు పెట్టకూడదు, పెట్టను. కానీ డాక్టర్‌కి చూపించాల్సిన స్థాయిలోనే ఉన్నాయి. చప్పుడు వినగానే శరీరం కుప్పకూలడం, రాత్రిళ్లు కాపలా కాయడం, ఒక వస్తువు జోలికే పోకపోవడం నెలల తరబడి ఉంటే పీటీఎస్‌డీ (పెద్ద దెబ్బ తగిలాక మనసూ శరీరమూ ఆ భయంలోనే ఉండిపోయే స్థితి) కోణంలో చూస్తారు. యుద్ధాల నుంచి తిరిగొచ్చిన సైనికుల వల్ల బయటపడి, 1980లో అమెరికా వైద్యుల జాబితాలోకి ఎక్కిన పేరు అది. యుద్ధమే అక్కర్లేదు, ఒక కోవిడ్ వార్డు చాలు. దుఃఖమే మనిషిని వదలకుండా పట్టి ఉంచే స్థితికి కూడా ఇప్పుడు విడిగా ఒక పేరుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలు దాటాకే దాన్ని లెక్కలోకి తీసుకోమంటుంది. ఎందుకంటే అంతవరకూ ఏడవడం, తినలేకపోవడం మనుషులకి ఉండేదే. ఫోన్ రీఛార్జ్ చేయించడం ఒక్కటే చూసి మాత్రం జబ్బు అనకండి. అది ప్రేమ కూడా. దాన్ని ఆపించకండి.

వైద్యం ఉంది. జ్ఞాపకాన్ని కొంచెం కొంచెంగా, భద్రంగా ఉన్నచోట కూర్చుని తాకేలా చేసే పద్ధతులు ఉన్నాయి. ట్రామా మీద దృష్టి పెట్టిన సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మెల్లగా మార్చే మాటల చికిత్స) ఒకటి. కళ్ల కదలికలతో చేసే ఈఎండీఆర్ ఇంకొకటి. వారానికోసారి, కొన్ని నెలలు పడుతుంది. చెరిపేయరు. చెరిపేయాలని ఆవిడా కోరుకోరు. ఆ రాత్రి 2021లోనే ఉండిపోయేలా, ఇవాళ్టిలోకి చొరబడకుండా చేస్తారు.

ఒక్కటి గట్టిగా చెప్తున్నాను. మన ఇళ్లలో ఎవరైనా పోతే, దుఃఖంలో ఉన్నవాళ్లకి మెడికల్ షాపులో నిద్రమాత్ర తెచ్చి వేసే అలవాటు ఉంది. ఆ రకం మాత్రలు ఆప్తులు పోయిన దుఃఖానికి మందుగా ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. డాక్టర్ రాయకుండా అస్సలు వేయకండి. ఇప్పటికే వాడుతుంటే ఉన్నట్టుండి ఆపొద్దు, డాక్టర్ చెప్పినట్టు తగ్గించాలి.

ఆవిడ ఆసుపత్రి అనగానే వెనక్కి తగ్గితే, ఇంట్లోంచే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయొచ్చు. 2022 అక్టోబర్ నుంచి ఉంది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఏం చేయాలో అడగడానికి ముందు మీరే చేయొచ్చు కూడా. బతకాలని లేదు, నేను లేకపోయినా పిల్లలు బతికేస్తారు లాంటి మాట వినిపిస్తే మాత్రం ఆగకండి, ఆ రోజే ఆవిడ పక్కన ఉండండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. "చనిపోవాలనిపిస్తోందా అక్కా" అని సూటిగా అడగొచ్చు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు.

పిల్లల్ని మరచిపోకండి. నిద్రపోతున్నట్టు నటిస్తున్న ఆ ఇద్దరు కూడా ఇప్పటికే గట్టి మనుషులైపోతున్నారు.

---

తెనాలి చెల్లి | 24 రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 10:48

ఎవరెవరికి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. అడిగినవాళ్లందరి కోసం రాస్తున్నాను.

పెద్దకొడుకు గారు చెప్పినట్టే చేశాను. "శనివారం వస్తున్నా, వంట నాది" అని మెసేజ్ పెట్టాను. "ఎందుకే అంత దూరం" అంది. వెళ్లాను. అప్పటి నుంచి ప్రతి శనివారం వెళ్తున్నాను. మొదటి శనివారం మధ్యాహ్నం రెండింటికి పడుకుంది, ఏడింటిదాకా లేవలేదు. లేవగానే "ఎవరికి జ్వరం?" అంది. "ఎవరికీ లేదు, కాఫీ తాగు" అన్నాను.

రెండో శనివారం రాత్రి నేను పిల్లల గదిలో పడుకున్నాను. "రాత్రికి వీళ్లని నేను చూస్తాను, నువ్వు ఒకసారి కూడా రానక్కర్లేదు" అని చెప్పాను. రెండుసార్లు వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి నన్ను చూసింది. నేను చెయ్యి ఎత్తి బాగున్నారన్నట్టు ఊపాను. వెళ్లిపోయింది.

నిన్న గోంగూర ఒలుస్తున్నాం. దివిసీమ మనవరాలు గారూ, మీరు చెప్పినట్టే నేను పక్కనే కూర్చున్నాను, ఎదురుగా కాదు. ఏమీ అడగలేదు. టీవీ కూడా ఆన్‌లోనే ఉంది. తనే మొదలుపెట్టింది.

"ఆఖరి రోజు క్యారియర్ తీసుకెళ్లానే. గేటు దగ్గర అబ్బాయి లోపలికి తీసుకెళ్లి మళ్లీ తెచ్చిచ్చాడు. తినలేదమ్మా, మళ్లీ కనుక్కుని చెప్తాం, ఉండండి అన్నాడు. ముందురోజు మధ్యాహ్నం నుంచి నేనేమీ తినలేదు. ఆ చెట్టు కింద కూర్చుని విప్పి తినేశాను. పప్పుచారు, బంగాళాదుంప వేపుడు. ఆకలేసింది. మొత్తం తినేశాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పిలిచారు. అప్పటికి గంటన్నర అయిందట ఆయన పోయి. ఆయన పోయాక ఆయన అన్నం నేను కూర్చుని తిన్నాను."

నాలుగేళ్లుగా మోస్తున్నది అదన్నమాట. మేం అనుకున్నవి ఏవీ కాదు.

నాకు చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. నీ తప్పేముంది అక్కా, నీకు తెలియదు కదా, ఆయన ఉంటే తినమనే అనేవారు కదా. ఒక్కటీ అనలేదు. "పప్పుచారులో ములక్కాడ వేశావా?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు. "వేశాను, ఆయనకి ఇష్టం" అంది. అప్పుడు ఏడ్చింది. నేను గోంగూర పక్కన పెట్టి తన చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపు. లోపలి గదిలోంచి మేనకోడలు వచ్చి అటు పక్కన కూర్చుంది. చిన్నవాడు గుమ్మంలో నిలబడ్డాడు, తర్వాత వాడూ వచ్చాడు.

మాటసాయం గారూ, ముందు 14416కి నేనే చేశాను. వాళ్లు చెప్పినదాన్ని బట్టి గుంటూరులో డాక్టర్‌ని కలిశాం, గురువారం మొదటి సిట్టింగ్ అయింది. "నువ్వు బయట కూర్చో" అంది, కూర్చున్నాను. బయటికొచ్చి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. దారిలో మిర్చి బజ్జీలు తిన్నాం. వచ్చే గురువారానికి సెలవు పెట్టుకుంది. ఆక్సీమీటర్ ఇంకా దిండు కిందే ఉంది. సైరన్ వినిపిస్తే ఇంకా చేతులు చల్లబడుతున్నాయి.

పాతకాలం మనిషి గారూ, మీ ఉయ్యాల కొక్కేల గురించి అక్కకి చెప్పాను. మీ అమ్మగారి పేరేంటని అడిగింది. వీలైతే చెప్పండి.

ఇవాళ బస్సెక్కేముందు క్యాలెండర్ వైపు చూసి అంది, "రేపు ఆయన నంబర్ ప్యాక్ అయిపోతుంది. స్కూల్లో ఇన్‌స్పెక్షన్ ఉంది, మర్చిపోతానేమో. ఈసారి నువ్వు వేయించవే." నాలుగేళ్లలో అక్క నన్ను ఒక పని అడగడం ఇదే. బస్సులోనే చేసేశాను. తనకి మెసేజ్ పెట్టాను, 84 రోజులకి అయింది అని.